రెండోసారి చూడని రక్తం

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వినపడేది నీళ్ళ సీసా చప్పుడు. ఏడింటికల్లా అమ్మ లీటరు సీసా నింపి తెచ్చి మంచం పక్కన స్టూలు మీద పెడుతుంది. దాని మీద గేట్లకు వేసే ఎర్ర రంగుతో మూడు గీతలున్నాయి. మొదటి గీత దాకా పొద్దున, రెండో గీత దాకా మధ్యాహ్నం, మూడో గీత దాకా సాయంత్రం, అడుగున మిగిలింది రాత్రికి. డయాలసిస్ మీద ఉన్న మనిషికి రోజు మొత్తానికి అంతకు మించి చుక్క పోయకూడదని ఆస్పత్రిలో గట్టిగా చెప్పి పంపారు. ఎనిమిది నెలలుగా ఆ సీసా దగ్గరే రోజుకో యుద్ధం జరుగుతోంది.

ఆ సీసా తాగేవాణ్ణి వీధిలో అందరూ సమ్మెట అంటారు. ఇనుప గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షాపు ఆయనది. ముందు షాపు, వెనక ఇల్లు. ముప్ఫై ఏళ్ళు సమ్మెట తిప్పిన కుడిచెయ్యి ఇనుము మీద ఎన్నిసార్లు పడిందో పెళ్ళాం వీపు మీదా, పిల్లల చెంపల మీదా దాదాపు అన్నిసార్లు పడింది. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు. ఈయన మొండివాడు, పైగా ఆ ఇంటికి రాజు. ఇక అడిగేదెవరు?

ఆ రోజు పొద్దున కూతురు చిట్టి లోపలి గదిలో జడ వేసుకుంటోంది. ఆమె ఆస్పత్రి ల్యాబ్‌లో టెక్నీషియన్. ఎనిమిదిన్నరకి డ్యూటీ.

"ఇంకో గుక్క పొయ్యవే," అన్నాడు సమ్మెట.

"పొద్దుటి గీత దాటిపోయిందండీ. మళ్ళీ మధ్యాహ్నమే."

"గీతలు గీసి పెట్టడానికి నేనేమన్నా గేటునా? గొంతెండిపోతోంది, పొయ్యి!"

"మొన్న నీరు పట్టేసి ఊపిరాడక ఎంత గిలగిల్లాడారో మర్చిపోయారా? నేను పొయ్యను."

పొయ్యను అనే మాట ఆయన ముందు ఆ ఇంట్లో ఎవరూ అనరు. సీసా వెళ్ళి గోడకు తగిలి గది నిండా నీళ్ళు చిమ్మింది. ఆ వెనకే స్టూలు ఎగిరి అమ్మ మోకాలికి తగిలింది. ఆమె వంగేలోపు ఆయన మంచం దిగి జుట్టు పట్టుకుని తల వంచాడు. కుడిచెయ్యి పైకి లేచింది. చిట్టి గుమ్మంలోకి వచ్చింది గానీ, అక్కడే నిలబడిపోయింది. ఇరవై ఏడేళ్ళొచ్చినా ఆ చెయ్యి లేస్తే ఆమె కాళ్ళు కదలవు.

షాపులోంచి అన్నయ్య పరుగెత్తుకొచ్చాడు. అతన్ని నాన్న మొద్దు అని పిలుస్తాడు. ఆ పేరే వీధిలో కూడా స్థిరపడింది. ముప్ఫై ఏళ్ళవాడు, ఏనుగంత మనిషి, నోట్లోంచి మాట ఊడిపడదు. వెల్డింగ్ గ్లవుజులతోనే వచ్చి నాన్న మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు నాన్నా."

పట్టుకున్నాడు, అంతే. లాగలేదు, తిప్పలేదు, తొయ్యలేదు. చిట్టి కళ్ళారా చూసింది.

"నన్నే ఆపుతావురా మొద్దు వెధవా!" అంటూ సమ్మెట ఒళ్ళంతా బలం తెచ్చుకుని చేతిని వెనక్కి గుంజాడు. టప్పుమని చప్పుడైంది. రోజంతా ఇనుము మోగే ఇంట్లో పెరిగిన వాళ్ళకు ఏ చప్పుడు దేనిదో తెలుసు. ఆ చప్పుడు మాత్రం వాళ్ళెన్నడూ వినలేదు. మోచేతికి పైన ఆ చెయ్యి ఎక్కడ మడత పడకూడదో అక్కడ మడత పడి వేలాడింది.

మొదట అరిచింది అమ్మ. తరవాత ఆయన అరుపు వీధి చివరి దాకా వినపడింది.

"నా చెయ్యి విరిచాడు! కన్నకొడుకు నా చెయ్యి విరిచాడు!"

* * *

ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "కిడ్నీలు పోయినవాళ్ళకి ఎముకలు గుల్లబారతాయమ్మా. మామూలే," అని కట్టు కట్టించి పంపేశాడు. చిట్టి కూడా తలూపింది. ఎనిమిది నెలలుగా ఆ ఒంటికి ఏమొచ్చినా ఆ ఒక్క మాటే. రక్తం పడిపోయిందా, కిడ్నీల వల్ల. నడుం విరిగేలా నొప్పా, కిడ్నీల వల్ల. నాలుగడుగులకే ఆయాసమా, అదీ కిడ్నీల వల్లే. ఇంట్లో మొద్దు ఎలాగో ఒంట్లో ఆ కిడ్నీలు అలాగ. ఎక్కడ ఏం జరిగినా నింద వాటి మీదే పడుతుంది.

ఇంట్లో నింద మాత్రం మొద్దు మీద పడింది. "అన్నయ్య లాగలేదు నాన్నా, నువ్వే గుంజావు," అని చిట్టి చెప్పబోతే ఎడమచేతికి అందిన మందుల డబ్బా ఆమె తల పక్కనుంచి ఎగిరిపోయింది. ఆ ఎడమచేతిలోనే డయాలసిస్ సూదుల కోసం రక్తనాళాలు కలిపి కుట్టారు. చెవి ఆనిస్తే లోపల రక్తం గిర్రున తిరిగే హోరు వినపడుతుంది. దాన్ని అదరనివ్వకూడదని, బరువు ఎత్తనివ్వకూడదని డాక్టర్లు లక్ష చెప్పారు. ఆయన వింటేగా?

"వాడు నా ఎదట కనపడకూడదు. ఈ గడప లోపల వాడి నీడ పడిందో, కట్టు విప్పేసి చస్తాను," అన్నాడు.

మొద్దు తన దుప్పటి తీసుకుని షాపులోకి వెళ్ళిపోయాడు.  అమ్మ కంచం తీసుకెళ్ళి అర్ధాంతరంగా ఆగిన గేటు మీద పెట్టి వస్తే, తిన్నాననిపించి కడిగి పెట్టేవాడు. మూడో రోజు చిట్టి వెళ్ళి చూస్తే గ్లవుజు లేని తన కుడిచేతిని మోకాలి మీద పెట్టుకుని దానికేసి చూస్తూ కూర్చున్నాడు.

"నేను గట్టిగా పట్టుకున్నానా చిట్టీ?"

"లేదన్నయ్యా."

"మరి విరిగింది కదా."



* * *

అన్నయ్య మాటకు జవాబు ల్యాబ్‌లో దొరికింది. దొరక్కపోయినా బాగుండేదని ఆమెకు తరవాత చాలాసార్లు అనిపించింది.

నాలుగో రోజు పదింటికి కిడ్నీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. "మీ నాన్నగారి ఎక్స్‌రే ఇప్పుడే చూశానమ్మా. విరిగిన చోటొక్కటే కాదు, భుజం దాకా చిన్న చిన్న కన్నాలున్నాయి. జల్లెడలా ఉంది. గుల్లబారితే ఇలా ఉండదు. ఐదు నెలల క్రితం మైలోమా టెస్టు చేయించాం కదా, అది మామూలే అని వచ్చింది కదా?"

"వచ్చింది డాక్టర్," అంది చిట్టి. ఫోన్ పెట్టేసి ఆ పాత రిపోర్టు బయటికి తీసింది.

ఇక్కడ ఆ టెస్టు సంగతి రెండు ముక్కలు చెప్పాలి. మైలోమా అంటే ఎముకల్లోని మూలుగలో పుట్టే క్యాన్సర్. అది ఎముకల్ని తొలుస్తుంది, కిడ్నీల్నీ తినేస్తుంది. మన రక్తంలో రెండు రకాల చిన్న ప్రొటీన్లు కవలపిల్లల్లా కలిసి తిరుగుతుంటాయి. మైలోమా ఉంటే ఆ రెండింటిలో ఒకటి మాత్రం అదుపు తప్పి పెరిగిపోతుంది. కిడ్నీలు పోయినవాళ్ళ చిక్కేమిటంటే, వడకట్టే దిక్కులేక రెండూ ఎలాగూ పెరుగుతాయి. అందుకే ఒకటి రెండోదానికి ఎన్ని రెట్లుందో చూస్తారు. కిడ్నీలు పోయినవాళ్ళలో దాదాపు మూడు రెట్ల దాకా ఉన్నా కంగారు పడక్కర్లేదని లెక్క. సమ్మెట రక్తంలో వచ్చింది రెండు పాయింట్ మూడు.

కానీ ఆ మెషీన్‌కు ఒక వెర్రి ఉంది. ఆ ప్రొటీన్ కాస్త ఎక్కువైతే ఎక్కువని చెప్తుంది. మరీ విపరీతంగా ఎక్కువైతే ఉక్కిరిబిక్కిరై తక్కువ చూపిస్తుంది. చెవి దగ్గర ఎవరో పెద్దగా అరిస్తే కాసేపు ఏమీ వినపడదే, అలాగన్నమాట. అందుకే అనుమానం ఉన్న రక్తాన్ని బాగా పలచన చేసి రెండోసారి చూడాలి. ఆ మాట రాసిన కాగితం మెషీన్‌కు అంటించి ఉంది. "కిడ్నీ పేషెంటుకి రక్తం తక్కువై, ఎముకల నొప్పి ఉంటే, నంబరు ఎంత బాగున్నా పలచన చేసి రెండోసారి చూడాలి." ఆ గుండ్రటి చేతిరాత చిట్టిదే.

ఐదు నెలల కిందటి ఆ పొద్దున ఆమెకు పూసగుచ్చినట్టు గుర్తొచ్చింది. గేటు కోసం ఒకాయన షాపుకొచ్చి ఆలస్యమెందుకని అడిగితే, "నాన్నకి ఒంట్లో బాలేదండీ, వారం ఆగండి," అంది. అంతే. ఆ పెద్దమనిషి ఎదుటే, మొద్దు ఎదుటే, రోడ్డు మీద పోయేవాళ్ళ ఎదుటే చెంప పేలిపోయింది. "నన్ను రోగిష్టివాణ్ణని ఊరంతా చాటింపు వేస్తావే?" నాలుగు వేళ్ళూ తేలిన చెంపను మాస్కు కింద దాచుకుని డ్యూటీకొచ్చింది. మొదటి ట్రేలోనే ఆయన రక్తం ఉంది. గొట్టం మీద ఆయన పేరు చూసి, వేళ్ళ చివర్లతో పట్టుకుని మెషీన్‌లో పెట్టింది. మెషీన్ రెండు పాయింట్ మూడు చూపించింది. తలెత్తితే తన చేతిరాత ఎదురుగానే ఉంది.

"ఈయనకి రెండోసారి కూడానా?" అనుకుంది. అనుకుని సంతకం పెట్టేసింది.

అది పొరపాటు కాదు. పొరపాటైతే ఎంత బాగుండేది! తెలిసి, ఒళ్ళు మండి, ముట్టుకోబుద్ధి కాక వదిలేసింది.

మైలోమా అనుమానమని రాసిన శాంపిళ్ళను ఆరు నెలలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచడం ఆ ల్యాబ్ పద్ధతి. చిట్టి ఆ గొట్టం వెతికి తీసి, కరిగేదాకా పిడికిట్లో పట్టుకుని నిలబడింది. పలచన చేసి పెట్టింది. లెక్కకు అందనంత ఎక్కువని మెషీన్ చూపించింది. ఇంకా పలచన చేసింది. అప్పుడూ అందలేదు. మూడోసారికి నంబరు నిలబడింది.

రెండు వందల పదకొండు రెట్లు.

ఆమె మెషీన్ బల్ల మీద పిడికిలితో కొట్టింది. మళ్ళీ కొట్టింది. వేలి కణుపు చిట్లి రక్తం వచ్చేదాకా కొట్టింది. ల్యాబ్ పెద్దావిడ, అందరూ మేడమ్ అనే ఆవిడ, వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది?"

చిట్టి ఏదీ దాచకుండా చెప్పేసింది. చెంపదెబ్బ సంగతితో సహా చెప్పింది. మేడమ్ ఆ నంబరు చూసింది, మెషీన్‌కు అంటించిన కాగితం చూసింది, కుర్చీ లాక్కుని కూర్చుంది. తిట్టినా బాగుండునని చిట్టికి అనిపించింది.

"అంటే ఆ కిడ్నీలు పోవడానికి కారణం కూడా ఇదే అయ్యుండొచ్చు," అంది మేడమ్ చివరికి. "అప్పుడే మందు మొదలుపెట్టుంటే అవి కొంతైనా తేరుకునేవేమో. ఇప్పుడు చెప్పలేం. మందైతే ఉంది, మొదలుపెట్టొచ్చు. రిపోర్టు సరిచేసి డాక్టరమ్మకి నేనే పంపిస్తాను. నీ మీద పైకి రాయక తప్పదు, అది నీకూ తెలుసు. ఇంట్లో మాత్రం నువ్వే చెప్పాలి."

"చంపేస్తాడు మేడమ్."

"చెయ్యి విరిగిందన్నావు కదే?"

"ఒకటే విరిగింది మేడమ్," అంది చిట్టి. ఇద్దరికీ నవ్వు రాబోయి, రాకుండానే ఆగిపోయింది.

* * *

ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. షాపు షట్టర్ మోకాలి ఎత్తు దాకా దించి ఉంది. దాని ముందు అమ్మ నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని కూలబడి రెండు చేతులతో రేకు బాదుతోంది. బయట బాబాయి లారీ అడ్డదిడ్డంగా ఆగి ఉంది.

"చంపేస్తున్నారే వాణ్ణి! నన్ను బయటికి నెట్టేశారు. నువ్వైనా ఆపవే!"

లారీ నడిపే ఆ బాబాయికి సొంత అన్న సమ్మెటంటే దేవుడు. అన్న చెయ్యి విరిగిందన్న కబురు అందిన చోటే లారీ తిప్పాడు. దారి పొడవునా కోపం నూరుకుంటూ వచ్చాడు. దిగగానే నడుముకున్న బెల్టు చేతికొచ్చింది.

చిట్టి షట్టర్ కింద నుంచి పాక్కుంటూ లోపలికి దూరింది. మొద్దు మోకాళ్ళ మీద ఉన్నాడు. కనుబొమ చీలి ముఖం సగం ఎర్రగా తడిసింది. చొక్కా వీపు మీద పీలికలైంది. ఏనుగంత మనిషి, ఒక్క తోపు తోస్తే బాబాయి గోడకు అతుక్కుంటాడు. అయినా చేతులు కట్టుకుని దెబ్బలు తింటున్నాడు. కట్టు కట్టిన చెయ్యి మెడకు వేలాడేసుకుని సమ్మెట కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"ఇంకా వెయ్యి," అంటున్నాడు. "చాల్లేదు, ఇంకా వెయ్యి."

"ఏ చేత్తో పట్టుకున్నావురా?" బాబాయి బెల్టు పారేసి గోడవార ఉన్న సమ్మెట తీశాడు. "కన్నతండ్రి మీదికి ఏ చెయ్యి లేచింది? పెట్టు దాన్నిక్కడ!"

ఇనుము సాగగొట్టే దాగలి చూపించాడు. బెదిరింపుకే అన్నాడో, నిజంగానే అన్నాడో ఆయనకే తెలియదు. మొద్దు మాత్రం నిజమే అనుకున్నాడు. మెల్లిగా జరిగి కుడిచేతిని దాగలి మీద చాపి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"కొట్టెయ్ బాబాయ్. నాకూ దీన్ని చూడబుద్ధి కావట్లేదు."

సమ్మెట లేచింది. ఈసారి చిట్టి కాళ్ళు నిలబడిపోలేదు. పరుగున వెళ్ళి అన్నయ్య చేతి మీద తన చెయ్యి పెట్టేసింది.

"ముందు నాది కొట్టు బాబాయ్! నాన్న చెయ్యి విరగ్గొట్టింది నేను!"

"మతి పోయిందా నీకు? తప్పుకో!"

"తప్పుకోను. నాన్నకి క్యాన్సర్. ఎముకల్లో ఉంది. ఎప్పట్నుంచో లోపల తొలిచేస్తోంది. అన్నయ్య పట్టుకోకపోయినా విరిగేదే. ఆ రోజు ఆ దెబ్బ అమ్మకి తగిలినా, అమ్మ దవడ మీదే విరిగేది ఆ చెయ్యి!"

బాబాయి చేతిలోంచి జారిన సమ్మెట దాగలి పక్కన గచ్చు మీద పడింది. పడ్డచోట సిమెంటు లేచిపోయింది. కుర్చీలో మనిషి ముందుకు వంగాడు.

"క్యాన్సరేంటి? ఆ టెస్టు అప్పుడే చేశారుగా? నువ్వే వచ్చి చెప్పావుగా, ఏం లేదని?"

"చెప్పాను. అబద్ధం చెప్పాను."

ఆమె నిలబడి, ఒక్కొక్క మాటే మింగుతూ కక్కుతూ చెప్పింది. పలచన చేసి రెండోసారి చూడాలని తెలుసనీ, ఆ మాట రాసి అంటించింది తనేననీ, చూడలేదనీ, ఈ రోజు చూస్తే రెండు వందల పదకొండు వచ్చిందనీ. ఐదు నెలలు పోయాయనీ, ఆ ఐదు నెలల్లో కిడ్నీలు తేరుకునేవో లేదో ఇక ఎప్పటికీ తెలియదనీ చెప్పింది.

"ఎందుకు చూళ్ళేదు?" ఆయన గొంతు చాలా నెమ్మదిగా ఉంది. ఆ నెమ్మది వాళ్ళకు అరుపు కంటే భయం.

"ఆ పొద్దున గేటాయన ముందు నన్ను కొట్టావు. చెంప మండుతోంది. నీ రక్తం ముట్టుకోబుద్ధి కాలేదు. ఈయనకి రెండోసారి ఎందుకులే అనుకున్నాను."

కుర్చీ వెనక్కి పడింది. సమ్మెట లేచాడు. ఎడమచేతికి వెల్డింగ్ మాస్కు అందింది, అది వెళ్ళి గోడకు తగిలి అద్దం ముక్కలైంది. కాలితో తన్నాడు. గోడకు ఆనించిన గేట్లు ఒకదాని మీద ఒకటి భళ్ళున కూలాయి. ఆ దుమ్ములోంచి ఆయన కూతురి మీదికి వచ్చాడు. ఎడమచెయ్యి లేచింది. చిట్టి కళ్ళు మూసుకుంది. చిన్నప్పట్నుంచీ అలవాటే, పళ్ళు బిగిస్తే నాలుక తెగదు. మొద్దు లేవబోతే, వద్దన్నట్టు అతని భుజం నొక్కిపట్టింది.

దెబ్బ పడలేదు.

కళ్ళు తెరిచేసరికి ఆయన గచ్చు మీద కూర్చుని ఉన్నాడు. ఆయాసంతో ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. షట్టర్ ఎత్తుకుని అమ్మ లోపలికొచ్చింది. చేతిలో నీళ్ళ సీసా ఉంది. ఎందుకు తెచ్చిందో ఆమెకే తెలియదు, మధ్యాహ్నం అయిందని చెయ్యి దానంతటదే తెచ్చినట్టుంది.

"వదినా, విన్నావా?" అన్నాడు బాబాయి. "పాపం, అన్నయ్యకి అంత కోపం ఆ జబ్బు వల్లేనేమో. నొప్పి భరించలేక..."

"నువ్వాగు." ఆ ఇంట్లో అమ్మ గొంతు అంత గట్టిగా ఎవరూ వినలేదు. "ఆ జబ్బు ఏడాదిదో, రెండేళ్ళదో. ఈ కోపం ముప్ఫై ఏళ్ళది. జబ్బుకి మందుంటుంది, తాగిస్తాను. నీళ్ళు కొలిచి పోస్తాను, ఒళ్ళు తుడుస్తాను, ఎత్తుకుని తిప్పుతాను. దీన్ని మాత్రం జబ్బు నెత్తిన రుద్దకండి. ఆ చెయ్యి అతుక్కున్నాక మళ్ళీ నా మీదికో, నా పిల్లల మీదికో లేచిందా, ఈ ఇద్దర్నీ తీసుకుని గడప దాటేస్తా. తరవాత ఎవరు పోసినా సరే, పోయకపోయినా సరే."

తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఆ షాపులో ఆ క్షణాన ఎవరి పిడికెడు వాళ్ళ చేతిలో కనపడుతోంది. బాబాయి బెల్టు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక దాచుకున్నాడు.

సమ్మెట పగిలిన గచ్చును వేలితో తడిమాడు. తరవాత చిట్టి వైపు తలెత్తాడు.

"ఏ చెంప?"

"ఏంటి?"

"ఆ రోజు. ఏ చెంప మీద కొట్టాను?"

ఆమె ఎడమ చెంప చూపించింది. ఆయన ఎడమచెయ్యి చాపాడు. ఆమె వెనక్కి జరిగింది. ఆ జరగడం ఆయన చూశాడు, చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. దించేశాడు. ముఖం నలిగిపోయి, ముప్ఫై ఏళ్ళలో ఆ ఇల్లు చూడనిది జరిగింది. సమ్మెట ఏడ్చాడు. చప్పుడు లేకుండా ఏడవడం రాదేమో, పెద్దగా, వికారంగా, కొలిమి తిత్తిలా ఏడ్చాడు.

"వాడు నన్ను కొట్టాడనుకున్నానే," అన్నాడు ఏడుపు మధ్య. "నా కొడుకు నా మీద చెయ్యి ఎత్తాడనుకున్నా. నాలుగు రోజులుగా ఎముక నొప్పి కాదే నన్ను చంపింది, అది!"

"నేను పట్టుకున్నానంతే నాన్నా," అన్నాడు మొద్దు.

"తెలుసురా. అప్పుడే తెలుసు. ఒప్పుకోబుద్ధి కాలేదు."

చిట్టి దగ్గరికి జరిగింది. ఈసారి తనే ఆయన చేతిని తీసి చెంపకు ఆనించుకుంది. మణికట్టు చెవి పక్కకు వచ్చింది. లోపల రక్తం గిర్రున తిరిగే హోరు వినపడింది. తను ముట్టుకోనని వదిలేసిన రక్తం అదే. ఆమె కుమిలి కుమిలి ఏడ్చింది.

అమ్మ సీసా ఆయన ముందు పెట్టింది. రెండో గీత దాకా ఆయన వాటా. ఆయన దాన్ని తీసుకుని, తాగకుండా మొద్దు వైపు తోశాడు.

"తాగరా. నోట్లోంచి రక్తం కారుతోంది."

"నీ నీళ్ళు నాన్నా అవి."

"తాగమన్నానా లేదా?" పాత గొంతు ఒక్క క్షణం లేచింది. మళ్ళీ దానంతటదే దిగిపోయింది. "తాగు. నాకు సాయంత్రం గీత ఉందిగా."

* * *

మర్నాడు డయాలసిస్ రోజు. మొద్దు ఆయన్ని రెండు చేతుల మీద ఎత్తి బాబాయి లారీలోకి ఎక్కించాడు. ఎక్కడ పట్టుకుంటే ఏది విరుగుతుందోనని వేళ్ళు బిగించలేదు. "గట్టిగా పట్టుకోరా అబ్బాయీ, పడేస్తావు," అన్నాడు సమ్మెట. ఆ రోజు కొడుకును మొద్దు అని పిలవలేదు. అది గమనించింది అమ్మ ఒక్కతే. ఆమె సీసా సంచిలో పెట్టుకుంది.

మందు మొదలుపెట్టే ముందు కొత్తగా రక్తం తీసి చూడాలంది డాక్టరమ్మ. నర్సు డయాలసిస్ మెషీన్‌కు తగిలించే ముందు సూదిలోంచే గొట్టం నింపి చిట్టి చేతికిచ్చింది. చిట్టి చేతికి అప్పటికే మేడమ్ ఇచ్చిన మెమో అందింది. ఇకనుంచి ఆమె సంతకం పక్కన ఇంకొకరి సంతకం ఉండాలి. కొన్నాళ్ళో, ఎన్నాళ్ళో తెలియదు.

"చిట్టీ," అన్నాడు సమ్మెట మంచం మీంచి.  "రెండోసారి కూడా చూడు."

"చూస్తాను నాన్నా."

గొట్టం ఇంకా వెచ్చగా ఉంది. ఆమె దాన్ని పిడికిట్లో పట్టుకుని మెట్లు దిగింది. ల్యాబ్‌లో మేడమ్ పక్కన నిలబడి ఉండగా పలచన చేసి చూసింది. ఇంకా పలచన చేసి రెండోసారి చూసింది. నంబరు తేలిపోయింది, ఇక చూడనక్కర్లేదని మేడమ్ అంది. అయినా చిట్టి మూడోసారి కూడా చూసింది.